డియోర్: సీసా ఒకరిది, గౌను ఇంకొకరిది

ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ పేరుతో సెంటు కొన్నవాళ్ల డబ్బు ఒక కంపెనీకి, అదే పేరుతో గౌను కుట్టించుకున్నవాళ్ల డబ్బు ఇంకో కంపెనీకి వెళ్లిన కాలం ఒకటుంది. అదేమీ నాలుగు రోజుల ముచ్చట కాదు. 1968లో మొదలై 2017 దాకా సాగింది. మధ్యలో 1989 నుంచి రెండింటి పగ్గాలూ ఒకే మనిషి చేతిలో ఉన్నా, కాగితాల మీద మాత్రం పెట్టెలు వేరు, లెక్కలు వేరు. ఈ సంగతి చరిత్ర పుస్తకాలకే పరిమితం అనుకోవద్దు. పాత డియోర్ నగో, కళ్లజోడో, కోటో కొనబోతుంటే, కొత్త మిస్ డియోర్ సీసా చేతిలో పట్టుకుని 'అప్పటి వాసన లేదేమిటి' అనిపిస్తే, జవాబు ఎక్కువసార్లు యాజమాన్యం మారిన తారీకుల్లోనే దొరుకుతుంది. అందుకే ఈ సమీక్ష డియోర్ సరుకును కాలక్రమంలో, ఎవరి చేతిలో ఉన్నప్పుడు ఏం తయారైందో చూసుకుంటూ వెళ్తుంది.

పునాది వేసింది దర్జీ డబ్బు కాదు, మిల్లు డబ్బు. మార్సెల్ బూసాక్ ఫ్రాన్స్‌లో నూలు మిల్లుల మారాజు. మూలనపడ్డ 'ఫిలిప్ ఎ గాస్తోన్' అనే పాత కుట్టుసంస్థను మళ్లీ లేపాలనుకుని డియోర్‌ను పిలిపించాడు. అప్పటికి డియోర్ లూసియాన్ లెలాంగ్ దగ్గర డిజైనర్. చచ్చిన సంస్థకు ప్రాణం పోయడం నా వల్ల కాదు, నా పేరుతో కొత్తది పెట్టండి అన్నాడు. బూసాక్ ఒప్పుకున్నాడు. 1946 డిసెంబరులో పారిస్‌లోని 30, అవెన్యూ మోంతేన్‌లో సంస్థ మొదలైంది. 1947 ఫిబ్రవరి 12న తొలి ప్రదర్శన. యుద్ధకాలంలో బట్టకు రేషన్ పెట్టిన ఊరిలో, ఒక్క లంగాకే తానులకు తానులు మింగే కుచ్చిళ్లు చూపించారు. హార్పర్స్ బజార్ పత్రిక సంపాదకురాలు కార్మెల్ స్నో నోట వచ్చిన 'న్యూ లుక్' అన్న మాట అలాగే స్థిరపడిపోయింది. బట్ట అమ్ముకునే మిల్లు యజమాని పెట్టుబడితో, బట్ట ఎక్కువ పట్టే ఫ్యాషన్ పుట్టడం కాకతాళీయం కాదని అప్పుడే చాలామంది గుసగుసలాడుకున్నారు. డియోర్ అభిరుచి ఎటూ అటువైపే ఉంది కాబట్టి ఇద్దరికీ గిట్టుబాటయింది.

ఆ రోజు చూపించిన వాటిలో ఇప్పటికీ షాపులో దొరికేది 'బార్' జాకెట్. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. 1947 నాటి అసలుది మీగడరంగు పట్టుతో చేసింది, కింద నల్ల ఉన్ని కుచ్చిళ్ల లంగా. భుజాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. నడుము దగ్గర డార్ట్‌లతో బిగించి, దాని కింద తుంటి మీదికి గొడుగులా విచ్చుకునే పెప్లమ్ వస్తుంది. ఆ విచ్చుకోవడం బట్ట సొంతంగా చేసే పని కాదు, లోపల కుట్టిన మెత్త వల్ల వస్తుంది. జాకెట్లు కుట్టే గదిలో అప్పుడు పనిచేసినవాళ్లలో పియర్ కార్దాన్ ఒకడు, తర్వాత తన పేరుతోనే సామ్రాజ్యం కట్టినవాడు. ఇప్పటి రెడీమేడ్ బార్ జాకెట్‌లో మెత్త బాగా పలచబడింది. లోపల పెట్టే గట్టి కాన్వాసు గుడ్డ, కత్తిరింపు కలిసి ఆకారాన్ని నిలబెడతాయి. కాబట్టి వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిలబడి మురిసిపోతే చాలదు.

మొదట బొత్తాలన్నీ పెట్టి కుర్చీలో కూర్చోండి. నడుము కుట్టు మీ అసలు నడుముకు అంగుళం కిందకి పడితే, కూర్చోగానే పెప్లమ్ మడతపడి పొట్ట మీద గీత వస్తుంది. కొన్ని నెలల్లో ఆ మడత శాశ్వతమవుతుంది. రెండోది, చేతులు ముందుకు చాపండి. వీపు దగ్గర బట్ట లాగితే పెద్ద సైజు అడగండి, నడుము దగ్గర పక్క కుట్లలో తగ్గించుకోవచ్చు. చేతుల పొడవు సరిచేయడం కూడా తేలికే. కానీ నడుము రేఖను పైకి జరపడం మాత్రం ఏ దర్జీ తలపెట్టకూడని పని. డార్ట్‌లు, జేబులు, లోపలి కాన్వాసు అన్నీ దానికే కట్టుబడి ఉంటాయి. పొట్టి పైభాగం ఉన్నవాళ్లకు ఈ జాకెట్ అచ్చిరాదని నిర్మొహమాటంగా చెప్పాలి. మార్కెట్లో దొరికే నకళ్లలో కాన్వాసు ఉండదు. ఇస్త్రీతో అంటించే ఫ్యూజింగ్‌తో పని కానిచ్చేస్తారు. నాలుగైదు డ్రైక్లీనింగ్‌లు అయ్యేసరికి జిగురు ఊడి ముందుభాగం మీద బుడగలు లేస్తాయి. వాటిని మళ్లీ దించడం ఎవరి వల్లా కాదు.

డియోర్ పైకి రావడానికి గౌన్లు ఎంత కారణమో, జాక్ రూయే అనే మేనేజరు అంత కారణం. 1948లోనే న్యూయార్క్‌లో శాఖ పెట్టారు. అమెరికన్ మేజోళ్ల కంపెనీ డియోర్ పేరు వాడుకుంటామని వస్తే, ఒకేసారి ముట్టజెప్పే సొమ్ము వద్దు, అమ్మకాల మీద శాతం ఇవ్వండి అన్నారు. తర్వాత టైలు. అక్కడినుంచి చేతితొడుగులు, టోపీలు, లోదుస్తులు, నగలు వరసగా వచ్చాయి. పేరును అద్దెకిచ్చి పరువు తీస్తున్నారని పారిస్‌లోని తోటి కుట్టుసంస్థలు గింజుకున్నాయి. కొన్నేళ్లకు వాళ్లూ అదే బాట పట్టారనుకోండి.

పాత సరుకు కొనేవాళ్లకు ఈ లైసెన్సుల గుట్టు తెలియడమే అసలు విద్య. మీ చేతికి వచ్చే 'వింటేజ్ డియోర్' వస్తువును మోంతేన్ వీధిలో ఎవరూ ముట్టుకుని ఉండకపోవచ్చు. అలాగని అది నకిలీ అయిపోదు. అసలైన లైసెన్సు సరుకే, కాకపోతే దాని ఖరీదు వేరుగా ఉండాలి. నగల సంగతి చూద్దాం. 1950ల తొలి సగంలో ఇంగ్లండులో తయారైన వాటి వెనకాల 'క్రిస్టియన్ డియోర్ బై మిచెల్ మేయర్' అని ముద్ర ఉంటుంది. 1955 నుంచి జర్మనీలోని హెంకెల్ అండ్ గ్రోస్సే చేసింది. ఈ నగల మీద డియోర్ పేరుతోపాటు తయారైన సంవత్సరం కూడా చెక్కడం వాళ్ల అలవాటు. 1960ల జర్మన్ బ్రోచ్ ఒకటి తిరగేసి సంవత్సరం చదవగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం రాళ్లు. ఒకటో రెండో రాళ్లు మార్చి అంటించి ఉంటే వెనక జిగురు పసుపుపచ్చగా కనిపిస్తుంది, మిగతా వాటితో మెరుపు కలవదు. అలాంటి దానికి పూర్తి ధర పెట్టకండి.

కళ్లజోళ్లది ఇంకా సులువు. 1960ల నుంచి ఆస్ట్రియా కంపెనీ ఆప్టిల్ చేసింది. ఆ సంస్థ పేరే పెట్టుకున్న ఆప్టిల్ అనే ప్లాస్టిక్కు తేలికగా ఉంటుంది, వేడి చేస్తే మెత్తబడి పాత ఆకారానికి వస్తుంది. కాబట్టి వంకర పోయిన పాత ఫ్రేమును పారేయకుండా, తెలిసిన ఆప్టీషియన్ దగ్గర వేడి చేయించవచ్చు. 1990ల్లో ఆప్టిల్‌ను ఇటలీ సంస్థ సఫీలో కొన్నది. 2020 చివరి దాకా డియోర్ కళ్లజోళ్లు సఫీలోవే. 2021 నుంచి, ఇప్పుడు డియోర్ యజమాని అయిన ఎల్‌వీఎంహెచ్ సొంత సంస్థ థెలియోస్ చేస్తోంది. అంటే 2019 మోడలు అని చెబుతూ థెలియోస్ పేరున్న పెట్టె ఇస్తే, పెట్టె ఒకచోటిది, జోడు ఒకచోటిది.

బట్టల్లో కూడా అంతే. జపాన్‌లో 1997 దాకా కానెబో లైసెన్సు మీద డియోర్ బట్టలు కుట్టి అమ్మింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో జపాన్ నుంచి వచ్చే పాత డియోర్ బ్లవుజులు, కోట్లలో చాలావరకు అవే. కుట్టుపని బాగుంటుంది, సైజులు చిన్నవి, తొమ్మిదో నంబరు అంటే జపాన్ లెక్క. దానికి పారిస్ కూత్యూర్ (ఒంటి కొలతలకు విడిగా కుట్టే గౌను) ధర చెప్పేవాడి దగ్గర నిలబడాల్సిన పనిలేదు. అసలు కూత్యూర్ గౌను లేబులు మీద 'క్రిస్టియన్ డియోర్ పారిస్'తో పాటు సీజను పేరు, సంవత్సరం, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరుతో అది ఎవరికి కుట్టిందో సంస్థ రికార్డుల్లో వెతకడానికి వీలుంటుంది. 'డియోర్ న్యూయార్క్', 'డియోర్ లండన్' లేబుళ్లు ఆ శాఖలవి, అవి మరో తరగతి.

డియోర్ 1957 అక్టోబరులో ఇటలీలోని మోంతెకాతీనీలో గుండెపోటుతో చనిపోయాడు. సంస్థకు పదేళ్లు. పగ్గాలు 21 ఏళ్ల ఈవ్ సాఁ లోరాఁ చేతికి వచ్చాయి, 1960లో అతన్ని సైన్యంలోకి పిలిచారు, ఆ చోటులోకి వచ్చిన మార్క్ బోహన్ 1989 దాకా ఉన్నాడు. దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన మనిషిని ఫ్యాషన్ రాతలు రెండు వాక్యాల్లో ముగించేస్తాయి. అది అన్యాయమే. బూసాక్ దివాలా తీసినా, చేతులు మారినా కస్టమర్లు జారిపోకుండా నిలబెట్టింది ఆయన కుట్లే.

ఇక సీసా సంగతి. సెంట్ల కంపెనీని మొదట నడిపింది డియోర్ చిన్ననాటి స్నేహితుడు సెర్జ్ హెఫ్ట్లర్-లూయిష్, కోటీలో పనిచేసి వచ్చినవాడు. 1947లో మిస్ డియోర్. 1956లో ఎడ్మండ్ రూద్నిత్స్కా చేసిన డియోరిస్సిమో, 1966లో అదే చేతి నుంచి ఓ సోవాజ్. ఈ మూడూ సెంట్ల చరిత్రలో పాఠాలుగా చెప్పుకునేవి. కానీ 1960ల చివరికి బూసాక్ మిల్లులు అప్పుల్లో కూరుకుపోతున్నాయి. లాభాలు తెచ్చే సెంట్ల వ్యాపారాన్నే అమ్ముకోవాల్సి వచ్చింది. 1968లో షాంపేన్ కంపెనీ మోయె ఎ షాందోఁ చేతికి అది వెళ్లింది. ఆ కంపెనీ 1971లో హెన్నెసీతో, 1987లో లూయీ వుయిటాన్‌తో కలిసి ఎల్‌వీఎంహెచ్ అయింది. పాడి ఆవును అమ్మి కొట్టాన్ని మిగుల్చుకున్నట్టు, గౌన్లు మాత్రం బూసాక్ దగ్గర ఉండిపోయాయి.

సెంటు కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సింది పేర్ల విషయంలో. 2005లో 'మిస్ డియోర్ షెరీ' అని తియ్యటి సెంటు ఒకటి వచ్చింది. 2010ల మొదట్లో దానికి 'షెరీ' తీసేసి నేరుగా 'మిస్ డియోర్' అని పేరు పెట్టారు. 1947 నాటి అసలుదానికి పక్కన 'ఒరిజినల్' అన్న తోక తగిలించారు. ఆ తర్వాత కూడా ఫార్ములాలు మారాయి. కాబట్టి పెట్టె మీద 'మిస్ డియోర్' అని ఉంటే చాలు అనుకోవద్దు. ఓ ద పార్ఫమ్, పార్ఫమ్, ఓ ద త్వాలెత్ అనే ఘాటు తరగతుల్లో ఏదో చూడండి, ఏ సంవత్సరం విడుదలో అడగండి. అమ్మమ్మ దగ్గర చూసిన ఆకుపచ్చటి, నాచు వాసన ఇప్పటి గులాబీరంగు సీసాలో ఉండదు. దానికి ఒక కారణం అభిరుచి, ఇంకోటి నిబంధనలు. ఓక్ నాచు వాడకాన్ని అలర్జీల కారణంగా బాగా కుదించారు. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూల వాసనకు వెన్నెముక లాంటి లిలియల్‌ను యూరప్ 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఆ కుటుంబం సెంట్లలో పాత సీసాకు, కొత్త సీసాకు తేడా తెలియడం ముక్కు భ్రమ కాదు.

కొత్తవాళ్లకు మొదటి సీసాగా సలహా అడిగితే ఓ సోవాజ్ అనే చెప్పాలి. నిమ్మ, తులసి, కింద మల్లెను తలపించే హెడియోన్ అనే పదార్థం. మన ఎండలకు సరిపోతుంది, ఆఫీసులో పక్కవాళ్ల తల పట్టుకునేలా చేయదు. లోపం ఒకటే: ఒంటి మీద ఎక్కువసేపు నిలవదు, మధ్యాహ్నం మళ్లీ కొట్టుకోవాలి. పేరు కలిసినంత మాత్రాన 2015లో వచ్చిన సోవాజ్ దీని తమ్ముడు కాదు. అది ఘాటైన మిరియాలు, ఆంబ్రోక్సన్ అనే కృత్రిమ పదార్థం. రెండు చిమ్ములు చాలు, నాలుగు కొడితే లిఫ్టులో ఉన్నవాళ్లంతా దిగిపోతారు. ఎక్కడ కొన్నా సీసా అడుగున ఉన్న బ్యాచ్ కోడ్, అట్టపెట్టె మీద కోడ్ ఒకటేనా చూసుకోండి. కలవకపోతే తిరిగి ఇచ్చేయండి. కిటికీ పక్కన, కారు డాష్‌బోర్డులో పెడితే నిమ్మ వాసన ఉన్న పైపొర మొదట పోతుంది, ఆ తర్వాత రంగు ముదురుతుంది.

గౌన్ల కథ అంతకంటే కష్టంగా నడిచింది. 1978లో బూసాక్ సామ్రాజ్యం కుప్పకూలింది. ఆస్తుల్ని విల్లో సోదరులు తీసుకున్నారు. వాళ్లూ 1981లో దివాలా. 1984లో లాజార్ బ్యాంకు అండతో బెర్నార్ ఆర్నో రంగంలోకి దిగాడు. కట్టడాలు, స్థిరాస్తి వ్యాపారం చేసే కుటుంబం నుంచి వచ్చిన ఇంజినీరు. ఆయన కొన్నది ఫ్యాషన్ సంస్థను కాదు, దివాలా తీసిన బట్టల కంపెనీల గుంపును. అందులో డియోర్‌తోపాటు పారిస్‌లోని ల బాఁ మార్షే స్టోరు, కాన్ఫొరామా ఫర్నిచర్ దుకాణాలు, పిల్లల డైపర్లు చేసే పోదూస్ కంపెనీ కూడా ఉన్నాయి. డైపర్లు, ఫర్నిచర్ తర్వాత అమ్మేశాడు, మిల్లుల్లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. డియోర్, బాఁ మార్షే ఉంచుకున్నాడు. లైసెన్సుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి లాక్కోవడం మొదలైంది. పేరు అద్దెకిస్తే వచ్చే తేలిక సొమ్ము తగ్గింది, సొంత షాపులు పెరిగాయి. వ్యాపారపరంగా డియోర్‌ను ఇప్పటి డియోర్ చేసిన నిర్ణయం ఏ డిజైనరుదీ కాదు, ఇదే.

1989లో ఆర్నో ఎల్‌వీఎంహెచ్ పగ్గాలు పట్టాడు. తర్వాతి తమాషా ఏమిటంటే, స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్న క్రిస్టియన్ డియోర్ అనే హోల్డింగ్ కంపెనీ (వేరే కంపెనీల వాటాలు పట్టుకునే సంస్థ) చేతిలో ఎల్‌వీఎంహెచ్‌లో 40 శాతం పైచిలుకు వాటా ఉండేది. కాగితం మీద గౌన్ల పేరున్న కంపెనీ పైన, షాంపేన్, సూట్‌కేసుల కంపెనీ కింద. సెంట్లు ఎల్‌వీఎంహెచ్‌లో, గౌన్లు హోల్డింగ్ కంపెనీలో. 2017 ఏప్రిల్లో ఈ ముడి విప్పారు: క్రిస్టియన్ డియోర్ కూత్యూర్‌ను ఎల్‌వీఎంహెచ్ 650 కోట్ల యూరోలకు కొంటున్నట్టు ప్రకటించింది. హోల్డింగ్ కంపెనీలో బయటివాళ్ల దగ్గరున్న సుమారు 26 శాతం వాటాకు ఆర్నో కుటుంబం ఆఫర్ ఇచ్చింది. అలా దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత సీసా, గౌను ఒకే గూటికి చేరాయి. 2023 ఫిబ్రవరి నుంచి డియోర్ సీఈఓ ఆర్నో కూతురు దెల్ఫీన్.

ఈ మధ్యలో డిజైనర్లు వరసగా మారారు. ఫెరె, గలియానో, రాఫ్ సిమన్స్, 2016లో మరియా గ్రాట్సియా క్యూరి, 2025లో జొనాథన్ ఆండర్సన్. గలియానో కాలం బట్టలు ఇప్పుడు వేలాల్లో మండిపోతున్నాయి. ఆయన శాడిల్ బ్యాగు 2018లో మళ్లీ వచ్చింది. పాతది కొనేవాళ్లు కీలు దగ్గర తోలు పగిలిందేమో వేలితో తడిమి చూడాలి.

డబ్బు రాబట్టే సరుకు మాత్రం లేడీ డియోర్ బ్యాగు. 1995లో పారిస్‌లో సెజాన్ చిత్రాల ప్రదర్శన సందర్భంగా ఫ్రాన్స్ అధ్యక్షుడి భార్య బెర్నదెత్ షిరాక్ దీన్ని డయానాకు బహూకరించింది. డయానా చేతిలో ఫొటోల్లో పదేపదే కనిపించాక పేరు లేడీ డియోర్ అయింది. పైన వజ్రాకారపు గీతలు 'కనాజ్'. తొలి ప్రదర్శనకు వచ్చిన అతిథులు కూర్చున్న పేము అల్లిక కుర్చీల నుంచి తీసుకున్న నమూనా. బ్యాగు పట్టుకుని చూసేటప్పుడు ఆ గీతల మీద దృష్టి పెట్టండి. ముందుభాగం, పక్కభాగం కలిసే అంచు దగ్గర గీతలు ఒకదానితో ఒకటి అందాలి. కుట్టు గాడిలో పడి ఉబ్బు సమానంగా ఉండాలి. నకిలీల్లో ఉబ్బు చదునుగా ఉంటుంది, గీత అంచు దగ్గర తెగిపోతుంది. వేలాడే డి, ఐ, ఓ, ఆర్ అక్షరాలు బరువుగా, అంచులు నున్నగా ఉండాలి. లోపలి తోలు చీటీ వెనక కోడ్ ఉంటుంది: రెండంకెలు, రెండక్షరాలు, నాలుగంకెలు. చివరి నాలుగింటిలో మొదటిదీ మూడోదీ కలిపితే నెల, రెండోదీ నాలుగోదీ కలిపితే సంవత్సరం. చివర్లో 1102 ఉంటే 10వ నెల, 12వ సంవత్సరం, అంటే 2012 అక్టోబరు. కోడ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన అసలుదని కాదు, నకిలీవాళ్లూ దీన్ని చదివారు. కానీ కోడు ప్రకారం 2012 అయి, అప్పటికి ఇంకా రాని రంగో సైజో అయితే మాత్రం వెంటనే వదిలేయండి.

తోలు సంగతి దాచనక్కర్లేదు. గొర్రెపిల్ల తోలు మెత్తన, గోరు తగిలినా గీత పడుతుంది. మొదట పోయేవి అడుగు మూలలు: రంగు చెరిగి తెల్లబడతాయి. లేత రంగు బ్యాగుకు కొత్త జీన్స్ నీలిరంగు అంటుకుంటే తడిబట్టతో రుద్దకండి, మరక తోలులోకి దిగుతుంది, దాన్ని నిపుణులకే వదలాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రతీరాల్లో ఉన్నవాళ్లు ప్లాస్టిక్ కవరులో పెడితే వర్షాకాలం ముగిసేలోపు బూజు పడుతుంది. గుడ్డ సంచీలో, లోపల తెల్ల టిష్యూ కుక్కి, సిలికా జెల్ సంచులు రెండు పెట్టి, నెలకోసారి బయటికి తీసి గాలి తగలనివ్వాలి. పాత వార్తాపత్రికలు కుక్కొద్దు, సిరా లోపలి లైనింగుకు పడుతుంది. రోజూ మోసేవాళ్లకైతే ఇదే బ్యాగు గరుకు గొడ్డుతోలులో తీసుకోవడం తెలివైన పని.

ధర గురించి కూడా మాట్లాడాలి. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ తయారీ విభాగాల్లో ఒకదాన్ని న్యాయపర్యవేక్షణ కింద పెట్టింది. ఉప కాంట్రాక్టు వర్క్‌షాపుల్లో కార్మికుల్ని దోపిడీ చేస్తున్నా పట్టించుకోలేదని కారణం. కోర్టు పత్రాల్లో బయటపడ్డ లెక్క: షాపులో 2,600 యూరోలకు అమ్మే ఒక బ్యాగును కుట్టినందుకు కాంట్రాక్టరుకు ఇచ్చింది 53 యూరోలు. ఇందులో తోలు, డిజైను, రవాణా, షాపు అద్దె లేవు, కాబట్టి 53కి తయారై 2,600కి అమ్ముడైంది అనేవాళ్ల మాట తప్పు. అయినా కుట్టుకూలి అంతేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. పర్యవేక్షణను 2025 తొలి నెలల్లో గడువుకు ముందే ఎత్తేశారు. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ ముగింపులో, బాధితుల్ని ఆదుకోవడానికి ఐదేళ్లలో 20 లక్షల యూరోలు ఖర్చు చేస్తామని డియోర్ హామీ ఇచ్చింది. 'చేతిపని' అనే మాటకు ఇంత డబ్బు కట్టేవాళ్లు ఆ చేతులు ఎవరివని అడగడం తప్పేం కాదు.

ఎంబ్రాయిడరీ విషయంలో ఆ చేతులు చాలావరకు మన దేశానివే. ముంబైలోని చాణక్య సంస్థతో, దాన్ని నడిపే కరిష్మా స్వాలీతో క్యూరి అనుబంధం డియోర్‌కు రాకముందు నుంచీ ఉంది. 2020 జనవరిలో పారిస్ రోదాఁ మ్యూజియం ఆవరణలో కూత్యూర్ ప్రదర్శనకు అమెరికన్ కళాకారిణి జూడీ షికాగో గీసిన పెద్ద జెండాల్ని కుట్టింది చాణక్య స్కూలు విద్యార్థినులు. 2023 మార్చి 30న ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు డియోర్ ప్రదర్శన పెట్టింది, వేదికకు నిలువెత్తు తోరణం కట్టింది. 2025 జూన్ పురుషుల ప్రదర్శనలో సన్నని లోహపు రేకులతో చేసే లక్నో ముకైష్ పని ఉన్న కోటు కనిపించినప్పుడు మాత్రం ఆ పని ఎక్కడిదో చెప్పలేదని మనవాళ్లు గట్టిగానే నిలదీశారు. న్యాయమైన కోపమే.

మగ్గం వర్క్ బ్లవుజులు కుట్టించుకునే తెలుగు ఇళ్లకు ఈ పనిని అంచనా వేయడం కొత్తేం కాదు. ఆరి సూది, ఫ్రాన్స్‌లో వాడే లునెవీల్ కొక్కెం ఒకే జాతివి, రెండింటితోనూ గొలుసుకుట్టే వస్తుంది. తేడా ఏమిటంటే మన కార్మికుడు బట్ట ముఖం పైకి పెట్టి పూసలు పైనుంచి గుచ్చుతాడు, లునెవీల్‌లో బట్టను తిరగేసి బిగిస్తారు, పూసలు కిందివైపు పడతాయి. గొలుసుకుట్టుకు బలహీనత ఒకటే: చివర ముడి గట్టిగా లేకపోతే ఒక పోగు లాగితే వరస మొత్తం ఊడొస్తుంది. అందుకే గౌనైనా, జాకెట్టైనా లోపలివైపు తిరగేసి చూడాలి. వరస చివర్లలో ముడులు దగ్గరగా ఉన్నాయా, వదులు పోగులు పొడవుగా వేలాడుతున్నాయా, లైనింగు అంచు పూసల్ని రాసుకుంటోందా అన్నవి మూడు ప్రశ్నలు. ఈ పరీక్షలో మన ఊళ్లో మంచి మగ్గం పని, డియోర్ రెడీమేడ్ పనికి ఏమాత్రం తీసిపోదు. ఓ కూత్యూర్ మాత్రం వేరే లోకం. ఆ పేరు ఫ్రాన్స్‌లో చట్టం రక్షణలో ఉంది. పారిస్‌లో సొంత వర్క్‌షాపు, ఏడాదికి రెండు ప్రదర్శనలు, ప్రతిదానికీ కనీసం 25 జతలు ఉండాలి. నూలుబట్టతో 'త్వాల్' కుట్టి, ఒంటి మీద సరిచేసి, ఆ తర్వాతే అసలు బట్ట కోస్తారు. మెత్తటి గౌన్లకు ఒక గది, జాకెట్లకు ఇంకో గది.

పారిస్ వెళ్లేవాళ్లు షాపు కంటే ముందు గలెరీ డియోర్ చూడటం మేలు. 2022లో తెరిచారు. అసలు భవనాన్ని ఆనుకుని, 11, ర్యూ ఫ్రాన్స్వా ప్రమియే వైపు నుంచి గేటు. మంగళవారం సెలవు. టికెట్టు టైమ్‌స్లాటు ప్రకారం ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. మోడళ్లు బట్టలు మార్చుకున్న గదిని గాజు నేల గుండా కింద చూపిస్తారు. లోపం చెప్పాలంటే యాజమాన్యం చేతులు మారిన కథ అక్కడ దాదాపు లేదు. బూసాక్ కనిపిస్తాడు, విల్లో సోదరులు కనిపించరు, డైపర్ల కంపెనీ ఊసే ఉండదు.

అక్కడే కొంటే పన్ను వాపసు మర్చిపోకండి. యూరోపియన్ యూనియన్ బయట నివాసముండే, 16 ఏళ్లు దాటినవాళ్లు ఒకే షాపులో 100 యూరోలు మించి కొంటే అర్హులు. పాస్‌పోర్టు చూపించి ఫారం అడగాలి. ఫ్రాన్స్ వ్యాట్ 20 శాతం అయినా, మధ్యవర్తి కమిషను పోగా చేతికి వచ్చేది సాధారణంగా 12 శాతం చుట్టూ. విమానాశ్రయంలో సామాను చెక్-ఇన్ చేయకముందే పాబ్లో అనే కియోస్క్ దగ్గర ఫారం మీది బార్‌కోడ్ స్కాన్ చేయాలి. పచ్చగా వస్తే సరే. ఎర్రగా వస్తే పక్కనున్న కస్టమ్స్ కౌంటరులో వస్తువు చూపించాల్సి ఉంటుంది, అప్పటికే బ్యాగు సూట్‌కేసులో బెల్టు మీద వెళ్లిపోయి ఉంటే వాపసు రాదు. ప్యారిస్ నుంచి నేరుగా కాకుండా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తున్నట్టయితే, యూరప్ వదిలే చివరి ఊరు ఏదో చూసుకుని అక్కడి కౌంటరులో ముద్ర వేయించుకోవాలి. శంషాబాద్‌లో దిగాక రసీదు చేతిలో ఉంచుకుని రెడ్ ఛానెల్లో ప్రకటించండి, పెట్టె, గుడ్డ సంచీ పారేసినంత మాత్రాన కొత్త బ్యాగు పాతదై పోదు.